టేపుకు రెండో పక్క

ఉగాది నాడు అన్నడు సైదులు,
"పిల్లలను పట్నం అవతలి పార్కుకు తోల్కపోదం" అని.
పోయింది దసరా సెలవులల్ల.
నడుమ ఆర్నెల్లు
నకిరేకల్ల కిరాయి ఇంట్ల ఉండుకుంటనే
మేం నలుగురం ఆ పార్కుల తిరిగినం.

రైస్ మిల్లు గుమాస్తా ఆయన.
బస్తాలు లెక్కవెట్టే చెయ్యి ఊకుంటదా?
వడ్ల లారీల పుస్తకం ఆఖరి పేజీల
గీతలు కొట్టి గళ్లు పోసిండు.
నాలుగున్నరకు లేసుడు.
ఐదుంబావుకు సూర్యాపేట దిక్కు నుంచొచ్చే బస్సు.
గేటు తెరువంగనె ముందు ఏదెక్కాలె,
ఎండ ముదిరినంక ఏ నీళ్లల్ల దుంకాలె,
తిరుగు బస్సు తప్పితే ఎవరింట్ల పండాలె.
ఎల్బీనగర్ల మా చిన్నాయన కొడుకు బామ్మర్ది ఉన్నడు,
మేం వస్తున్నమని ఆయనకు తెల్వదు,
గళ్లల్ల మాత్రం ఆయన పేరుంది.

"ఎదిగే పిల్లకు గౌను కుడితే
లోపట రెండించులు మడత దాస్తం,
నీ పుస్తకంల మడతేది?" అన్న.
కలం పట్టుకొనే అడిగిండు:
"మడత ఎన్ని గంటలకు?"

నా రంది నాది.
తలకిందులు జేసే బండి ఎక్కాలంటె
నూట ఇరవై సెంటీమీటర్లుండాలెనట.
ఇరవై ఏండ్లాయె నా మెడల టేపు వేలాడవట్టి.
ఛాతి ముప్పై నాలుగు, నడుము ముప్పై,
చెయ్యి తొమ్మిదిన్నర,
అన్నీ ఇంచులే.
రెండో పక్క కూడ అంకెలున్నయని
ఆ రోజు తిప్పి చూసిన.

అక్షిత నూట పదిహేడు.
మణితేజ నూట పన్నెండు.
ఐతారమైతారం తానం పోసినంక
తలుపు చెక్కకు నిలవెట్టి
గుడ్డ మీద గీసే నీలం సుద్దతోని గీత.
మడిమెలు లేపుతరు, నేను గుంజి దించుత.
"అమ్మా, పాలు తాగినంక కొలువు."
"అమ్మా, జడ పైకి కట్టి కొలువు."
ఒకపారి పోరడు సాక్సుల లోపట అట్టముక్క దాసిండు.
నవ్వాపుకొని, కొలత కొలతే అన్న.

బతుకమ్మకు జాకెట్లు డెబ్బై రెండు.
రాత్రి పన్నెండు దాక మిషను.
ఇది ఒక టికెట్టు, ఇది బస్సు కిరాయి,
ఇది తడిబట్టలు పెట్టే పెట్టె కిరాయి,
అనుకుంట అనుకుంట హుక్కులు కుట్టిన.

ఆ రోజు గేటు కాడ
సంచి తెరిచి చూసిన మనిషి
"బయటి తిండి లోపలికి పోదమ్మా" అన్నడు.
ఆర్నెల్ల గళ్లల్ల ఆ ముక్క లేదు.
పులిహోర, ఉడకవెట్టిన గుడ్లు, డబ్బెడు సకినాలు
అరుగు మీద కూసొని
పగటి బువ్వ పొద్దుగాలనే తిన్నం.
సైదులు పుస్తకం తీసి
"ఒంటిగంట: తినుడు" కొట్టేసి
పది అని దిద్దిండు.

బండి కాడ కొలత కర్ర.
అక్షిత తల దానికి ఆనింది, వెంట్రుకవాసి ఎక్కువనే.
పైకి చూసింది.
పైన పట్టాలు, ఆ పట్టాల మీద మనుషుల అరుపు.
"నేనెక్కను."
తమ్ముడు ఎక్కుతనని ఏడ్పు,
వాడికి ఇంక నాలుగు తక్కువ.
పొడుగు కొలుసుకుంట వచ్చిన గని
గుండెను కొలువలే.

సైదులు పుస్తకం దిక్కు చూసిండు.
ఆ గంటకు నా గడిల ఏముందో
అప్పుడు కనవడ్డది నాకు:
సంచులు కాసుడు.
పొద్దంత అదే, అన్ని గళ్లల్ల అదే.

సంచులు ఆయన చేతిల పెట్టిన.
కొంగు నడుముకు చెక్కి
పిన్నీసుతోని బిగించి,
మెడలున్న టేపు
(అలవాటున అది కూడ వచ్చింది నాతోని)
తీసి బిడ్డ మెడల ఏసిన.
కర్ర కింద నిలవడ్డ.
ఆ పిలగాడు కర్ర దిక్కు గూడ చూడలే,
పో అమ్మా అన్నడు.

ఎట్లరిసిన్నో నాకు యాదికి లేదు.
ఆకాశం కాళ్ల కిందికొచ్చింది,
డెబ్బై రెండు జాకెట్లు
మీదికెల్లి ఎగిరిపోయినయ్.
దిగినంక మోకాళ్లు వణికినయ్.
"ఇంకోపారి ఎక్కుతవా?" అన్నడు మణితేజ.
ఎక్కిన.

తిరుగు బస్సు తప్పలే.
బామ్మర్ది గడి ఖాళీగనే పోయింది.

తెల్లారి మొఖం కడుక్కొని వస్తుంటె
ఇద్దరు నన్ను పట్టి తలుపుకు ఆనిచ్చిండ్రు.
స్టూలెక్కి అక్షిత,
టేపు కింద కొస తొక్కిపట్టి మణితేజ.
"కదలకు. రెండో పక్క చూడు."

నీలం సుద్ద నెత్తికి తగులుతుంటె
మడిమెలు లేపిన.